ఉప్పు లేని నూడుల్స్

వంశీ, కీర్తీ,

పరీక్షలని మీరు ఊరికి రాలేకపోయారు. ఫోన్లో చెబుదామంటే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది, మిగతా సగంలో సిగ్నలు పోతుంది. అందుకే మీరు అడిగిన బెంగళూరు కథ ఇట్లా కాగితం మీద పెడుతున్నాను. ఇది నాగపూరు చేరేసరికి మీకు సెలవులు వస్తాయి, నిదానంగా చదువుకోండి. అవ్వ చైనా హోటలుకు భోజనానికి పోయిందంటే మీరిద్దరూ పగలబడి నవ్వారు కదా. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. నేను నోట్లో పెట్టుకునే ఒక్క ముద్ద మీద మీ శైలజక్క పెళ్ళి ఆధారపడి ఉండింది.

మదనపల్లె

శైలజ ఇష్టపడిన అబ్బాయి పేరు సంతోష్. సొంత ఊరు కుప్పం. బెంగళూరులో అతనూ వాళ్ళమ్మా కలిసి ఒక చిన్న చైనా హోటలు నడుపుతున్నారు. వంట అతనే చేస్తాడు. శైలజ పనిచేసే ల్యాబు కూడా ఆ వీధిలోనే. మధ్యాహ్నం టిఫిను డబ్బా తీసుకుపోవడానికి బద్ధకించిన పిల్ల, రెండేళ్ళు ఆ హోటల్లో తిని తిని, చివరికి వాళ్ళ నాయనతో చెప్పింది, చేసుకుంటే ఈ అబ్బాయినే చేసుకుంటానని.

ఇటువంటి పనికి పోయేటప్పుడు చేతిలో ఏమి పట్టుకుపోవాలన్నది మొదటి చిక్కు. పండ్లూ తాంబూలమూ తీసుకుపోతే ఒప్పుకున్నట్టు. ఉత్త చేతులతో పోతే కాదన్నట్టు. రెండు రోజులు ఆలోచించి, రెండు కిలోల టమోటాలు సంచిలో వేసుకున్నాను. అది నాకు తెలిసిన సరుకు. ముప్పై ఏళ్ళు మండీలో కూర్చుని కాయలు ఏరిన చేతులు ఇవి. రంగు చూడకుండా, పట్టుకుని చెప్పేస్తాను ఏ కాయ ఎన్ని రోజులు నిలుస్తుందో. ఆ వారం మన దగ్గర కిలో పది రూపాయలకు కూడా అడిగేవాడు లేడు.

బస్సులో కండక్టరు సంచిలోకి తొంగి చూశాడు. "ఏందవ్వా, టమోటాలు ఎత్తుకోని యాడికి పోతాండావు?"

"బెంగళూరికి నాయనా. పిల్లోడిని చూసేదానికి."

"పిల్లోడిని చూసేదానికి టమోటాలా? పూలూ పండ్లూ ఏమైనాయి?"

"అవి ఎత్తుకోనిపోతే అవునని చెప్పినట్టు అవుతాది కదప్పా. ఇవి అవుననీ చెప్పవు, కాదనీ చెప్పవు."

కండక్టరు టికెట్టు చించి నా చేతిలో పెడుతూ, "నువ్వు వకీలుగా పోయుండాల్సిందవ్వా" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. ఆ ప్రయాణంలో అంత సులభంగా దొరికిన నవ్వు మళ్ళీ లేదు.

పుంగనూరు

మీ రమణ మామ ఇంటికి, అంటే శైలజ వాళ్ళ ఇంటికి, చేరేసరికి అతను మోటార్ల షాపులోనే ఉన్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడే గానీ, ఎట్లా వచ్చావమ్మా అని కూడా అడగలేదు. ఒక మోటారు విప్పి తీగ చుడుతున్నాడు. చుట్టడం ఆపకుండానే చెప్పాడు.

"ఆడ ఒక్క మెతుకు కూడా నోట్లో ఏసుకోవద్దు మా."

"హోటలు కదరా. హోటల్లో ఎవరైనా తింటారు."

"హోటలో, ఇల్లో. పొయ్యి వాళ్ళది, ఉప్పు వాళ్ళది. పైన మేడ మీద కాపురం ఉండాది కూడా ఆడే. నువ్వు తినేస్తివంటే మాట అయిపోయినట్టే. ఆ మునెప్ప దానికే కాచుకోనుండాడు."

మునెప్ప అంటే సంతోష్‌కు మేనమామ. సంబంధం కలపాలని రోజుకు రెండుసార్లు రమణకు ఫోన్లు చేస్తున్న మనిషి.

మీకు ఈ పద్ధతి తెలియదు కాబట్టి చెబుతాను. మన వైపు సంబంధం చూడడానికి పోయిన పిల్ల తరఫు పెద్దలు, మాట కలిసేదాకా ఆ ఇంట్లో ఉప్పు ముట్టరు. కాఫీ తాగొచ్చు, బెల్లం ముక్క తినొచ్చు. తీపికి దోషం లేదు. ఉప్పు పడిన ముద్ద మింగారంటే మాత్రం ఇక వెనక్కి పోయేది లేదు. కాగితం మీద సంతకం కన్నా గట్టి.

"నువ్వే వచ్చి చూడరాదా రమణా?"

"నేను వస్తే కోపం వస్తాది. వంటోడికి ఇచ్చినాడని రేపు నలుగురూ అంటారు. నువ్వు పెద్దదానివి. నువ్వు చూసి ఎట్ల చెప్తే అట్ల. కానీ సరిగ్గా చూడందే తినొద్దు."

అతని భయం నాకు తెలుసు. మా తాత అట్లాగే తిన్నాడు. నన్ను ఇవ్వడానికి మీ తాత వాళ్ళ ఊరికి ఎండలో నడిచి పోయి, ఆకలికి తాళలేక సంగటి ముద్దలో వేలు పెట్టాడు. ఇంటికొచ్చి, "అయిపోయింది, తినేసినాను" అన్నాడు. నేను అప్పుడు వసారాలో జడ వేసుకుంటున్నాను. నీకిష్టమేనా అని నన్ను అడిగినవాళ్ళు లేరు. మీ తాత బంగారం లాంటి మనిషి అనుకోండి, అది వేరే సంగతి. మంచివాడు కాకపోయినా నేను అక్కడికే పోయి ఉండేదాన్ని.

పొద్దున బయలుదేరేటప్పుడు మీ పద్మత్త చిత్రాన్నం డబ్బా గుడ్డసంచిలో పెట్టి ఇచ్చింది, అక్కడ తినే అవసరం రాకుండా. ఇస్తూ నా చెయ్యి వదల్లేదు.

"అత్తా, పాప ఫోన్లో ఏడ్సింది. బాగా సూడు. ఆయన మాటకీ కాదు, పాప మాటకీ కాదు. నీ కంటితో సూడు."

కుప్పం

తిన్నగా బెంగళూరు పోయే బస్సులు ఉండగా కుప్పం మీదుగా ఎందుకు పోయానంటారా? పిల్లోడి గురించి పిల్లోడి ఊళ్ళోనే విచారించాలి. బస్సు గంగవరం దాటి, పలమనేరు దాటి, పోయే కొద్దీ జనం మాట మారుతూ వచ్చింది. కుప్పంలో ఒకే మాటలో తెలుగు మొదలై, అరవంలో నడిచి, కన్నడంలో ముగుస్తుంది. మన ఊళ్ళో టమోటా బాక్సులు ఎట్లాగో అక్కడ పట్టుగూళ్ళ బుట్టలు అట్లా, ఏ మూల చూసినా అవే.

రైలు స్టేషను బయట ఒకామె సిమెంటు బెంచీ మీద కూర్చుని పూలు కడుతోంది. మూర ముప్పై అంది. ఇరవైకి మన ఊళ్ళో ఇస్తారన్నాను. "అయితే మీ ఊళ్ళోనే కొనుక్కో పో" అంది. అట్లా స్నేహం కుదిరింది. శైలజ జడకని రెండు మూరలు కొని పక్కన కూర్చున్నాను. రైలెక్కగానే చిత్రాన్నం తినొచ్చని షుగరు మాత్ర అక్కడే వేసుకుని, నీళ్ళు తాగాను.

"బెంగళూర్లో చైనా హోటలు పెట్టిన కమలమ్మ నీకు తెలుసునా?" అని మెల్లగా అడిగాను.

"తెలీకేమి? మొగుడు ఉన్నప్పుడు ఈ స్టేషను ముందరే నూడుల్స్ బండి పెట్టినారు. వానపాములు అమ్మతాండారని పిలకాయలు ఎక్కిరించేవాళ్ళు. ఆ పిలకాయలే మళ్ళా క్యూలో నిలబడి తినేవాళ్ళు." పూలు కట్టే వేళ్ళు ఆగాయి. "యాల అడగతాండావక్కా? సంబంధమా?"

"ఊరికే."

"ఊరికే ఎవురూ అడగరులే. మంచోళ్ళే. కాకుంటే ఒక మాట. ఆ పిల్లోడికి ముందే ఒక సంబంధం కుదిరింది. పిల్ల తరఫోళ్ళు తిన్నారు కూడా. తిన్నాక తప్పిపోయింది."

తిన్న తరవాత తప్పిపోయిన సంబంధం నా ఎరుకలో ఒక్కటీ లేదు. "యాల తప్పింది?"

"అదే ఎవురికీ తెలీదు. వద్దనింది కమలమ్మేనంట. ఆశ ఎక్కువని కొందరు, పిల్లోడిలో లోపమని కొందరు. ఆయమ్మ మాత్రం ఈ పొద్దుటికీ నోరు తెరవలేదు."

ఇంకా అడిగేలోపే రైలు కూత పెట్టింది. టమోటాల సంచి పట్టుకుని పరుగెత్తాను. ఎవరో చెయ్యిచ్చి పైకి లాగారు. రైలు కదిలాక చూసుకుంటే టమోటాలు ఉన్నాయి, పూలు ఉన్నాయి. చిత్రాన్నం డబ్బా లేదు. బెంచీ మీదే ఉండిపోయింది.

రైల్లో

కాలు పెట్టే చోటు లేదు. అమ్మేవాళ్ళు కూడా పెట్టెలోకి రాలేకపోయారు. పక్కనున్న కన్నడామె "యావూరమ్మా?" అని అడిగి, తన జామకాయలో సగం విరిచి ఇచ్చింది. కాయ మంచిదే, ఇంకో రోజు ఆగి కోసుంటే బాగుండేది. ఆ సగం జామకాయ తప్ప పొద్దుటి నుంచీ కడుపులో ఏమీ లేదు. మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. తిన్న తరవాత ఎందుకు తప్పింది? ఆ ఒక్క ప్రశ్నే రైలు చక్రాలతో పాటు తిరుగుతోంది.

బెంగళూరు

స్టేషనులో శైలజ నిలబడి ఉంది. నెలరోజుల్లో సగమైంది పిల్ల. "తిన్నావా అవ్వా?" అంది.

"ఆ, తిన్నాను" అన్నాను.

అదీ నేను చేసిన తప్పు. జీవితమంతా ఎవరడిగినా ఆ మాటే చెప్పి అలవాటు. తినలేదంటే ఆ పిల్ల కంగారుపడుతుంది, దారిలో ఎక్కడో ఆపుతుంది, అప్పటికే మునెప్ప మూడుసార్లు ఫోను చేశాడు. ఒక కాఫీ పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

హోటలు ఒక సందులో, బట్టలు ఇస్త్రీ చేసే కొట్టుకూ మందుల షాపుకూ నడుమ ఉంది. ఏడెనిమిది టేబుళ్ళు. పైన ఎర్ర కాగితం దీపాలు. గల్లాపెట్టె మీద వెంకటరమణస్వామి పటం, దాని పక్కనే చెయ్యి ఊపుతున్న బంగారు రంగు పిల్లి. ఇద్దరికీ ఒకే పూలదండ. వంటింటి కిటికీలో నిలువెత్తు మంట లేస్తోంది, పెద్ద బాండలి ఖణేల్ ఖణేల్‌మంటోంది. మంట వెనకాల ఒక ముఖం క్షణం కనిపించి నమస్కారం పెట్టింది. అతనే సంతోష్.

మన మదనపల్లెలో బండి మీద గోబీ మంచూరియా ప్లేటు యాభై. ఇక్కడ బోర్డు మీద నూట అరవై. మనం విస్తట్లో ఎవరిది వాళ్ళకు వడ్డిస్తాం. ఇక్కడ గిన్నెలన్నీ మధ్యలో పెడతారు, ఎవరికి కావలసింది వాళ్ళు లాక్కుంటారు. పక్క టేబుల్లో ఒక పాప రెండు పుల్లలతో నూడుల్స్ పైకెత్తుతుంటే, వాళ్ళ తాత ఆ వేలాడే కొసను కత్తెరతో కత్తిరించినట్టు పళ్ళతో కొరుకుతున్నాడు.

మునెప్ప ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో పెద్ద ఫోను. "రాండక్కా, రాండి! కూసోండి. ఏమి తింటారు? సూపు? ఫ్రైడ్ రైసు?"

"ఏమీ వద్దన్నా. తినే వచ్చినాను."

"అట్లంటే ఎట్లక్కా? ఇది హోటలు కదా! హోటల్లో తినేదానికి లెక్కేముండాది?" అంటూనే ఫోను తీసి గిన్నెకు ఆనించి నిలబెట్టాడు. దాని కన్ను నా వైపే ఉంది.

కమలమ్మ వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సన్నగా, నల్లగా, నా కన్నా పదేళ్ళు చిన్న. "వచ్చినారా అక్కా" అని మాత్రం అని, గిన్నెలు తెచ్చి పెట్టసాగింది. పొగలు కక్కే సూపు, గోబీ, నూడుల్స్. చిన్న కప్పులో టీ పోసింది. కాఫీ దొరుకుతుందనుకున్నాను. ఇది పాలు లేని టీ, చక్కెర లేని టీ. అడగడానికి మొహమాటం. అడిగితే నా ఆకలి మునెప్పకు తెలిసిపోతుంది.

మాటలు సాగుతున్నాయి. మునెప్ప వాళ్ళ పొలం గురించి చెబుతున్నాడు. ముందు తప్పిపోయిన సంబంధం గురించి ఎట్లా అడగాలా అని నేను చూస్తున్నాను. టేబుల్ మీద చిన్న గిన్నెలో ఉప్పూ పులుపూ నీళ్ళలో ఊరిన పచ్చిమిరప ముక్కలు ఉన్నాయి. ఆకలి మీద మన చెయ్యి మన మాట వినదు. ఒక ముక్క తీసి నోటి దాకా తెచ్చాను. మునెప్ప ఫోనులో చిన్న వెలుగు మెరిసింది.

శైలజ టేబుల్ కింద నా మోకాలు గట్టిగా నొక్కింది. ముక్క గిన్నెలో పడింది.

"ఏం పాపా, మీ అవ్వను తిననియ్యవా?" అన్నాడు మునెప్ప, నవ్వుతూ.

అప్పటికే నాకు వీపంతా చెమట. బంగారు పిల్లి చెయ్యి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా కనిపిస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాను, వణుకు కనిపించకుండా. లేచి బయటికి పోదామంటే కాళ్ళు రాలేదు. ఇక్కడ పడిపోతే నోట్లో ఏమి పోస్తారో, దాన్ని మునెప్ప ఏమంటాడో అని భయం. ఆ పిల్ల బతుకు నా పిచ్చి ఆకలి చేతిలో ఉండిపోయింది, మా తాత చేతిలో నాది ఉన్నట్టు.

కమలమ్మ గిన్నె పెట్టబోతూ ఆగిపోయింది. నా ముఖం చూసింది. వంగి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీకు షుగరు ఉండాదా?"

తల ఊపాను.

"పొద్దున్నుంచి ఏం తిన్నారు? నిజం చెప్పండి."

"సగం జామకాయ" అన్నాను. శైలజ "అవ్వా!" అని అరిచి లేచింది.

కమలమ్మ అప్పటికే గ్లాసులో చక్కెర కలిపి నా నోటి దగ్గర పెట్టింది. "తీపే అక్కా. దీనికి దోషం లేదు. తాగండి." అంటూనే వంటింటి వైపు తిరిగి, "సంతూ, పొయ్యి ఖాళీ చెయ్యి!" అంది.

కళ్ళు తేటపడేసరికి ఆమె ఒక పళ్ళెం తెచ్చింది. తెల్లటి సన్న నూడుల్స్, మీద బెల్లం తురుము, కొబ్బరి కోరు. అచ్చం మనం ఇంట్లో ఒత్తుకునే శావిగల మాదిరి.

"చక్కెర నీళ్ళు ఎంతసేపు నిలబెడతాయి? కడుపులో ఏదైనా పడాల. గోధుమ నూడుల్స్ అయితే పిండిలోనే ఉప్పు కలుపుతారు. ఇవి బియ్యంవి. నీళ్ళలో కూడా నేను ఉప్పు ఏయలేదు. ఇది తింటే మాట అయినట్టు కాదు. తినండక్కా."

తిన్నాను. గబగబా, సిగ్గు లేకుండా, చేత్తో తిన్నాను.

మూడో ముద్దకు మునెప్ప ఫోను తీసి నొక్కాడు. "పడింది ఫోటో! అక్క తినేసింది! పంపించేసినా రమణప్పకు. ఇంగ ముహూర్తం పెట్టుకోవడమే!"

నిమిషం కాలేదు. నా ఫోను మోగింది. రమణ గొంతు హోటలంతా వినిపించింది. "ఏమి మా, తినేస్తివా? చూడు అంటే తినేస్తివా?"

కమలమ్మ నా చేతిలో నుంచి ఫోను తీసుకుంది.

"అన్నా, నేను పిల్లోడి అమ్మను మాట్లాడతాండాను. మీ అమ్మకు షుగరు పడిపోయింది. నేనే తినిపించినా. దాంట్లో ఉప్పు లేదు. నా బిడ్డ మీద ఒట్టు, ఒక్క గల్లు ఉప్పు లేదు. మీరు మాట ఇచ్చినట్టు కాదు. ఫోటో తీసేయమంటాను. మీకు ఇష్టం లేకుంటే ఈ పొద్దే మీ అమ్మను బస్సెక్కిస్తా."

"ఏం అక్కా నువ్వు!" మునెప్ప మండిపడ్డాడు. "చేతికొచ్చిన దాన్ని మళ్ళా జారిస్తావా? పోయినసారి ఇట్లనే చేసి ఊళ్ళో మన పరువు తీస్తివి!"

నేను పళ్ళెం మీద నుంచి తలెత్తాను. "పోయినసారి ఏమి చేసింది అన్నా?"

మునెప్ప కమలమ్మ వైపు చూశాడు. చివరికి కమలమ్మే, గొంతు తగ్గించి చెప్పింది. "ఆ పాపకు ఇష్టం లేదక్కా. పాపే వచ్చి నాకు చెప్పుకునింది. వాళ్ళ తాత మా ఇంట్లో తినేసినాడు, ఇంగేం చేసేదని ఏడ్సింది. ఒక ముసలాయన ఆకలికి తింటే, దాన్ని పట్టుకోని ఒక ఆడబిడ్డను తెచ్చుకోమంటారా? ఆ పాప పేరు బయటికి రాకూడదని నేనే వద్దన్నానని చెప్పినా. ఊరు ఏమన్నా అనుకోనీ."

చెప్పేసి ఫోను నాకిచ్చింది. రమణ ఇంకా లైనులోనే ఉన్నాడు. ఊపిరి వినిపిస్తోంది. అంతా విన్నాడు.

సంతోష్ వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నాడు, చేతిలో నా సంచిలోని టమోటా ఒకటి. ఎప్పుడు తీసుకున్నాడో. తొడిమ దగ్గర బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కి చూస్తున్నాడు, మండీలో మేము చూసినట్టే.

"ఎన్ని రోజులు నిలుస్తాది?" అన్నాను.

"నాలుగు రోజులు అవ్వా. కానీ ఈ పొద్దే వండితే బాగుంటాది."

నేను కూడా నాలుగే అనుకున్నాను.

అప్పుడు శైలజను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నీకు ఇష్టమేనా?" అని అడిగాను. అది తల ఊపింది. "తల ఊపితే చాలదు. నేను ఇంతదూరం వచ్చినానని కాదు, వీళ్ళు మంచోళ్ళని కాదు. కాదన్నా నేను నీ వెనకాలే ఉంటా. నోటితో చెప్పు."

"ఇష్టమే అవ్వా" అంది. మాట స్పష్టంగానే వచ్చింది. ఆ మాట నేను యాభై ఏళ్ళ కిందట వసారాలో చెప్పాల్సింది. చెప్పి ఉంటే నేనూ అదే చెప్పేదాన్నేమో. కానీ ఎవరైనా అడిగి ఉండాల్సింది.

పళ్ళెంలో ఇంకా రెండు ముద్దలు మిగిలి ఉన్నాయి.

"కమలమ్మా," అన్నాను, "రోంత ఉప్పు తీసుకురా."

ఆమె అర్థం కానట్టు చూసింది. తరవాత కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. మునెప్ప మళ్ళీ ఫోను ఎత్తబోయి, కమలమ్మ తిరిగి చూసిన చూపుకు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నేను ఉప్పు తీసి బెల్లం మీద చల్లుకుని, అందరూ చూస్తుండగా తిన్నాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. "రమణా, తిన్నాను. ఈసారి ఉప్పుతో."

అటు వైపు నుంచి షాపులో ఎవరో మోటారు ఆన్ చేసిన చప్పుడు, మళ్ళీ ఆపిన చప్పుడు.

"ఎంత ఏసుకున్యావు మా?" అన్నాడు చివరికి. "బీపీ ఉండాది కదా నీకు."

"చిటికెడే నాయనా" అన్నాను. నిజానికి రెండు చిటికెలు.